అజ్వైన్ పత్తా ఇంట్లోనే: అనంతపురం ఎండల్లో వాము ఆకు మొక్కను కాపాడుకునేది ఎలా?

మా నానీ ఇంటి సెహన్‌లో నీళ్ల తొట్టి పక్కన, గోడ నీడలో, మూతి పగిలిన ఒక పాత కుండలో అజ్వైన్ పత్తా ఉండేది. దాన్ని ఎవరూ ప్రత్యేకంగా చూసుకున్నట్టు నాకు గుర్తు లేదు. పిల్లలకు జలుబు చేస్తే నాలుగు ఆకులు, రంజాన్‌లో ఇఫ్తార్ బజ్జీలకు గుప్పెడు ఆకులు. తెంపేకొద్దీ వచ్చేవి.

నానీ ఇంతెఖాల్ తర్వాత ఆ కుండను అమ్మీ మా ఇంటికి తెచ్చుకుంది. మిద్దె మీద పెట్టాం. ఏప్రిల్ నెల. ఎండ మండిపోతోంది కదా అని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు పోశాం. కింద పళ్లెం కూడా పెట్టాం, నీళ్లు వృథా కాకూడదని. మూడు వారాలకు కాండం మొదలు నల్లబడి మెత్తబడిపోయింది. చేత్తో పట్టుకుంటే మొక్క మొత్తం ఊడి వచ్చింది. అమ్మీ రెండు రోజులు ఆ కుండను పారేయనివ్వలేదు.

ఇలా ఒక్క మా ఇంట్లోనే జరగలేదు. ఎవరిని అడిగినా ‘మాకూ ఉండేది, ఎండకు పోయింది’ అనేవాళ్లే. నేను చదివింది బీకాం, మొక్కల శాస్త్రం కాదు. అయినా ఎక్కడ తప్పు చేశామో తెలుసుకోవాలనిపించింది. తెలిసింది ఒక్క ముక్కలో చెప్పాలంటే: మన దగ్గర ఈ మొక్క నీళ్లు లేక చచ్చిపోవడం తక్కువ. నడినెత్తిన ఎండ, దానికి భయపడి మనం పోసే నీళ్లు, ఈ రెండూ కలిసి చంపుతాయి. నీడ ఇచ్చి, నీళ్లు తగ్గిస్తే అనంతపురంలో కూడా హాయిగా బతుకుతుంది.

ఇంతకీ ఏమిటీ మొక్క?

తెలుగులో వాము ఆకు, కర్పూరవల్లి అంటారు. మన ఇళ్లల్లో అజ్వైన్ కే పత్తే. బళ్లారి, పావగడ వైపు చుట్టాలున్నవాళ్లు దొడ్డపత్రె అనే కన్నడ పేరు వినే ఉంటారు. శాస్త్రీయ నామం కోలియస్ అంబోయినికస్. కొన్ని పుస్తకాల్లో ప్లెక్ట్రాంథస్ అంబోయినికస్ అని ఉంటుంది, రెండూ ఒకటే. లౌరెయిరో అనే పోర్చుగీసు మతబోధకుడు 1790లో దీన్ని గ్రంథస్థం చేశాడు. పేరులో ఉన్న అంబోయినా ఇండోనేషియాలోని ఒక దీవి.

ముందు ఒక అపోహ తీసేద్దాం. చాలామంది కిరాణా కొట్టు నుంచి వాము గింజలు తెచ్చి నాటి, ఈ మొక్క రాలేదని బాధపడతారు. రాదు. వంటల్లో వేసే వాము వేరే మొక్క గింజ. అది కొత్తిమీర, జీలకర్రల కుటుంబం. దాని ఆకులు సన్నగా, దారాల్లా ఉంటాయి. మన అజ్వైన్ పత్తా పుదీనా, తులసి కుటుంబానికి చెందింది. మరి వాసన ఎందుకు ఒకేలా ఉంటుంది? వాములో థైమాల్ అనే ఘాటు పదార్థం ఉంటుంది. ఈ ఆకు నూనెలో థైమాల్‌తో పాటు దానికి దగ్గరిదైన కార్వక్రాల్ ఉంటుంది. ముక్కుకు రెండూ ఒకటే అనిపిస్తాయి.

పుదీనా కుటుంబం మన ఇళ్లకు కొత్త కాదు. బిర్యానీలో పుదీనా, షర్బత్‌లో నానబెట్టి వేసే సబ్జా గింజలు, అన్నీ ఈ కుటుంబమే. కువైట్, సౌదీల్లో పనిచేసి వచ్చినవాళ్లకు మరమియా చాయ్ గుర్తుండే ఉంటుంది. జోర్డాన్, పలస్తీన్, లెబనాన్ వాళ్లు చాయ్‌లో వేసుకునే ఆ బూడిద రంగు ఆకు, ఇంగ్లీషులో సేజ్, అదీ ఈ మొక్కకు బంధువే. గుర్తు పట్టడం సులువు: లేత కొమ్మను రెండు వేళ్ల మధ్య తిప్పి చూడండి, గుండ్రంగా కాకుండా పలకలుగా తగులుతుంది. ఆకులు ఎప్పుడూ ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి.

అయితే ఒక తేడా ఉంది. సేజ్ మధ్యధరా సముద్రపు తీరాల మొక్క, దానికి బాగా ఎండ కావాలి, చలిని కూడా ఓర్చుకుంటుంది. మన అజ్వైన్ పత్తా లేత ఒళ్లు మొక్క. మంచు పడితే బతకదు, నడి వేసవి ఎండ నేరుగా పడితే మాడుతుంది.

అనంతపురంలో కష్టం ఎక్కడ?

ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వానపాతం ఏడాదికి సుమారు 552 మిల్లీమీటర్లు. పడమటి కనుమల చాటున ఉండడంతో నైరుతి మేఘాలు మన దాకా వచ్చేసరికి ఖాళీ అయిపోతాయి. మార్చి చివరి నుంచి జూన్ మొదటి వారం దాకా పగటి వేడి 40 డిగ్రీలు దాటే రోజులు చాలా ఉంటాయి. కుళాయి నీళ్లు రోజూ రాని వీధులు ఉన్నాయి. బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పదనంతో ఉంటాయి.

ఇవన్నీ విని ఈ మొక్క మన వల్ల కాదనుకోవద్దు. ఆకును విరిచి చూడండి. దళసరిగా ఉంటుంది, లోపలంతా నీరే. పైన మెత్తటి నూగు ఉంటుంది. ఆకులోనే నీళ్లు దాచుకునే మొక్క ఇది. నాలుగు రోజులు నీళ్లు పోయకపోయినా ఆకులు కాస్త వాలుతాయి, పోయగానే లేస్తాయి. కానీ వేళ్ల చుట్టూ నీళ్లు నిలిస్తే మాత్రం లేవదు. వేళ్లకు గాలి అందదు, కుళ్లు మొదలవుతుంది. కుళ్లిన వేళ్లు నీళ్లు పీల్చలేవు, కాబట్టి ఆకులు వాడిపోతాయి. అది చూసి మనం ‘అయ్యో దాహం’ అని ఇంకా పోస్తాం. మా మిద్దె మీద జరిగింది సరిగ్గా ఇదే.

ఎక్కడ పెట్టాలి?

మొక్క బతికేదీ చచ్చేదీ సగం ఇక్కడే తేలిపోతుంది.

తూర్పు వైపు వరండా అన్నిటికన్నా మంచిది. పొద్దున 9 గంటల లోపు ఎండ తగిలితే చాలు. ఉత్తరం వైపు గోడ వార కూడా బాగుంటుంది. పాతఊరి ఇళ్లల్లా మధ్యలో సెహన్ ఉంటే నీళ్ల తొట్టి పక్కన, గోడ నీడలో పెట్టండి. ఇంటి ముందు వేప చెట్టో, మునగ చెట్టో ఉంటే దాని కింద పెట్టండి. అద్దె ఇంట్లో మెట్ల కింద వెలుతురు పడే చోటున్నా సరిపోతుంది.

మిద్దె మీద మార్చి నుంచి జూన్ దాకా వద్దు. అక్కడ తప్ప చోటే లేదంటే పచ్చటి షేడ్ నెట్ కట్టండి, కుండీని నేరుగా సిమెంటు మీద కాకుండా రెండు ఇటుకల మీద నిలబెట్టండి. సిమెంటు వేడి కుండీ అడుగు నుంచి వేళ్లకు ఎక్కుతుంది.

నీడ అంటే చీకటి కాదు. చోటు సరిగ్గా ఉందో లేదో మొక్కే చెబుతుంది. ఆకులు చిన్నగా, మందంగా, పసుపుపచ్చగా మారి లోపలికి ముడుచుకుంటే ఎండ ఎక్కువైంది. కొమ్మలు పొడుగ్గా సాగి, ఆకు జంటల మధ్య దూరం పెరిగి, వాలిపోతుంటే వెలుతురు తక్కువైంది. ఆకు అరచేతిలో సగమంత, ముదురు ఆకుపచ్చగా, విరిస్తే ఘాటుగా ఉంటే సరైన చోటే.

గాలి సంగతి కూడా చూసుకోవాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా మన దగ్గర గాలి జోరుగా వీస్తుంది. ఈ మొక్క కొమ్మలు పెళుసు, గాలికి పుటుక్కున విరుగుతాయి. గోడ చాటుకు జరపండి. విరిగిన కొమ్మలు మాత్రం పారేయొద్దు, వాటి పని తర్వాత చెబుతాను.

కుండీ, మట్టి

మట్టి కుండీ మేలు. కూజాలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో, మట్టి కుండీలో వేళ్లు కూడా అందుకే చల్లగా ఉంటాయి. నల్ల ప్లాస్టిక్ కుండీ ఎండలో కాలిపోతుంది. పెయింట్ డబ్బా, నూనె డబ్బా వాడేవాళ్లు అడుగున నాలుగైదు పెద్ద చిల్లులు పెట్టండి. కుండీ మరీ పెద్దది వద్దు. 8 అంగుళాలది చాలు. కుండీ పెద్దదైతే మట్టిలో తడి త్వరగా ఆరదు.

మట్టి విషయంలో మీది ఏ వైపు ఊరన్నది ముఖ్యం. ఎర్రమట్టి అయితే రెండు పాళ్లు మట్టి, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు బాగా మాగిన ఎరువు కలపండి. తాడిపత్రి, ఉరవకొండ వైపు నల్లరేగడి అయితే అది నీటిని పట్టుకుని వదలదు. ఒక పాలు మట్టికి రెండు పాళ్లు ఇసుక, ఒక పాలు ఎరువు వేయండి. ఇటుక ముక్కలు నలగ్గొట్టి కలిపితే ఇంకా మంచిది.

ఎరువు కొనే పని లేదు. బక్రీద్ ముందు ఇంట్లో మేకనో, పొట్టేలునో కట్టేసుకునేవాళ్లు ఆ పెంటికలను పోగుచేసి రెండు మూడు నెలలు మాగనిస్తే అదే మంచి ఎరువు. పచ్చిది వేయొద్దు. ఏడాదికి రెండు సార్లు గుప్పెడు చొప్పున చాలు. ఎరువు ఎక్కువైతే ఆకు పెరుగుతుంది గానీ ఘాటు తగ్గుతుంది.

మన జిల్లాలో వేరుశనగ పొట్టుకు కొదవ లేదు. కుండీ మట్టి మీద ఒక అంగుళం మందాన పరిస్తే తడి తొందరగా ఆరిపోదు. కాండానికి మాత్రం తగలకుండా రెండు వేళ్ల దూరం వదలండి. నేల మీద పెట్టిన కుండీ అయితే చెదలు రావచ్చు, అప్పుడప్పుడు పొట్టు ఎత్తి చూడండి.

నీళ్ల లెక్క

వేలిని రెండో కణుపు దాకా మట్టిలోకి దింపండి. తడి తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు. పొడిగా ఉంటే అడుగు చిల్లుల్లోంచి కాస్త కారే దాకా పోయండి. పళ్లెంలో దిగిన నీళ్లు పారబోయండి. అంతే, ఇంకే నియమం లేదు.

నేను లెక్క వేశాను. చలికాలంలో 8 అంగుళాల కుండీకి నాలుగు రోజులకోసారి 300 మిల్లీలీటర్లు అనుకుంటే నెలకు రెండున్నర లీటర్ల లోపే. నడి వేసవిలో రెండు రోజులకోసారి అర లీటరు అనుకున్నా నెలకు ఏడున్నర లీటర్లు. అంటే 15 లీటర్ల బిందె ఒక్కటి ఎండాకాలంలో రెండు కుండీలకు నెల రోజులు వస్తుంది. ట్యాంకర్ కోసం ఎదురుచూసే వీధిలో కూడా ఈ మొక్క భారం కాదు.

ఆ నీళ్లు కూడా మంచినీళ్లే కానక్కర్లేదు. కూర్చుని వుజూ చేసేటప్పుడు కింద బేసిన్ పెడితే, సబ్బు కలవని ఆ నీళ్లు మొక్కకు శుభ్రంగా సరిపోతాయి. ఇంట్లో ఒక్కరి వుజూ నీళ్లతోనే కుండీ గడిచిపోతుంది. బియ్యం కడిగిన నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు కూడా పోయొచ్చు.

రెండు రకాల నీళ్లు మాత్రం వద్దు. ఇంట్లో వాటర్ ఫిల్టర్ బయటికి వదిలేసే నీళ్లలో ఉప్పు ఎక్కువ. కూలర్ అడుగున మిగిలిన నీళ్లు కూడా అంతే. నీళ్లు ఆవిరైపోయి ఉప్పు మిగులుతుంది. బోరు నీళ్లు వాడితే కొన్నాళ్లకు మట్టి మీద తెల్లటి పొర కడుతుంది. ఆ పొరను గీకేయండి. మంచి వాన పడినప్పుడు కుండీని ఒక గంట వానలో ఉంచితే ఉప్పు కిందికి కొట్టుకుపోతుంది.

ఒక కొమ్మ నుంచి పది మొక్కలు

అజ్వైన్ పత్తా మన ఇళ్లల్లో పూయడమే తక్కువ. అందుకే గింజ కోసం ఎదురుచూడొద్దు. ఈ మొక్క ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లేది కొమ్మ ద్వారానే.

మన దగ్గర జూన్ చివరి నుంచి అక్టోబరు దాకా మంచి సమయం. వేడి తగ్గుతుంది, గాలిలో కాస్త తేమ ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో కొమ్మలు నాటితే చాలావరకు ఎండుతాయి, లేకపోతే కుళ్లుతాయి.

1. పొద్దున పూట, పువ్వు లేని ఆరోగ్యమైన కొమ్మను నాలుగైదు అంగుళాల పొడవున కోయండి. కత్తి కడిగి ఉండాలి. ఆకులు పుట్టే కణుపుకు సరిగ్గా కింద కోయాలి, వేళ్లు వచ్చేది అక్కడి నుంచే.

2. కింది ఆకులు తీసేయండి. చివర నాలుగు ఆకులు చాలు. తీసిన ఆకులు వంటింటికి.

3. వెంటనే నాటొద్దు. నీడలో అయిదారు గంటలు వదిలేయండి, ఒక రాత్రి అయినా పర్వాలేదు. కోసిన చోటు ఆరి మూసుకుంటుంది. ఎక్కువమంది వదిలేసేది ఈ మెట్టే, కుళ్లు వచ్చేదీ ఇందుకే.

4. చిన్న డబ్బాలో తడి ఇసుక, లేదా సగం ఇసుక సగం మట్టి నింపి, రెండు కణుపులు లోపలికి పోయేలా గుచ్చండి. చుట్టూ మట్టిని వేళ్లతో అదమండి.

5. ఎండ అసలు తగలని, వెలుతురున్న చోట పెట్టండి. ఇసుక ఆరినప్పుడే కొంచెం నీళ్లు చిలకరించండి. ప్లాస్టిక్ కవరు కప్పొద్దు, దళసరి ఆకులు కుళ్లుతాయి.

6. రెండు మూడు వారాలకు చివర చిగురు కనిపిస్తుంది. మెల్లగా లాగి చూస్తే పట్టు తగులుతుంది. వేళ్లు వచ్చినట్టే. ఇంకో రెండు వారాలు ఆగి కుండీలోకి మార్చండి.

7. మొక్క ఆరు అంగుళాలు కాగానే కొన తుంచేయండి. పక్కల నుంచి రెండేసి కొమ్మలు వస్తాయి, గుబురుగా అవుతుంది.

గాజు గ్లాసులో నీళ్లు పోసి కొమ్మ నిలబెట్టినా వేళ్లు వస్తాయి. పిల్లలకు చూపించడానికి అది బాగుంటుంది. రెండు రోజులకోసారి నీళ్లు మార్చాలి. కానీ నీళ్లలో పెరిగిన వేళ్లు నాజూకు, మట్టిలోకి మార్చినప్పుడు కొన్ని పోతాయి. ఇసుకే నమ్మకం. ఆకు ఒక్కటే గుచ్చితే వేళ్లు వచ్చినా కొమ్మ రావడం కష్టం. కణుపు ఉండాల్సిందే.

మొక్క రెండో ఏడాదికి అడుగున కట్టెలా ముదిరి, ఆకులు తగ్గుతాయి. అది రోగం కాదు, వయసు. ప్రతి ఏడాదీ వానాకాలంలో రెండు మూడు కొమ్మలు కొత్తగా నాటుకుంటే మొక్క ఎప్పుడూ లేతగానే ఉంటుంది.

పురుగుల బాధ తక్కువే. కణుపుల్లో తెల్లటి దూదిలా పిండినల్లి కనిపిస్తే తడి గుడ్డతో తుడిచేయండి. ఎక్కువగా ఉంటే లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేప నూనె, రెండు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట చల్లండి. వారం దాకా ఆ ఆకులు తినొద్దు.

వంటింట్లో, జలుబులో

శనగపిండిలో ముంచి వేసే బజ్జీలు అందరికీ తెలిసినవే. సన్నగా తరిగి పెరుగు, పచ్చిమిర్చితో రాయతా చేసుకోవచ్చు. కీమా కబాబ్‌లో నాలుగు ఆకులు తరిగి వేసి చూడండి, వాము వేయక్కర్లేదు. ఘాటు ఎక్కువ కాబట్టి కొత్తిమీరలా గుప్పెడు వేయొద్దు.

జలుబు, గొంతు గరగర ఉన్నప్పుడు పెద్దవాళ్లు రెండు ఆకులు మరిగించి తాగితే హాయిగా ఉంటుంది. అంతవరకే. ఇది మందు కాదు, ఆసరా. చంటిపిల్లలకు ఆకు పసరు పోయొద్దు. ఏడాది లోపు బిడ్డకు తేనె కలిపి అసలే ఇవ్వొద్దు. గర్భిణులు, రోజూ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడిగి తీసుకోండి. బిడ్డకు ఊపిరి వేగంగా ఆడుతున్నా, డొక్కలు ఎగరేస్తున్నా కాఢా కాచుకుంటూ కూర్చోవద్దు, ఆస్పత్రికి వెళ్లండి. ఎవరికైనా దగ్గు రెండు వారాలు దాటితే టీబీ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆస్పత్రిలో అది ఉచితం. ఇంట్లో పెంచే పిల్లి ఈ ఆకులు నమిలితే వాంతులు, విరేచనాలు కావచ్చు, దానికి అందకుండా పెట్టండి.

మా కుండ మళ్లీ నిండింది

మా మొక్క పోయిన సంగతి ఆ ఏడాది ఆగస్టులో నానీ పాత ఇంటి పక్కింటి ఆపాతో మాటల్లో వచ్చింది. ఆమె లోపలికి వెళ్లి, వంటింటి కిటికీ దగ్గరున్న నూనె డబ్బా తెచ్చి చూపించారు. నిండా అజ్వైన్ పత్తా. ‘మీ నానీ ఇచ్చిన కొమ్మే. నాకు పెళ్లై ఈ వీధికి వచ్చిన ఏడాది ఇచ్చింది’ అన్నారు.

మూడు కొమ్మలు కోసి, తడి గుడ్డలో చుట్టి ఇచ్చారు. అమ్మీ వాటిని ఆ పగిలిన కుండలోనే నాటింది, ఈసారి తూర్పు వరండాలో. రెండు బతికాయి. తర్వాతి వానాకాలం వాటి నుంచి అయిదు కొమ్మలు తీసి, రెండు మా ఇంట్లో ఉంచుకుని, మూడు చుట్టాలకు ఇచ్చాం. మీ ఇంట్లో మొక్క ఉంటే మీరూ అలాగే ఒక కొమ్మ పక్కింటికి ఇచ్చి ఉంచండి. వేసవికి మీది పోయినా అడిగి తెచ్చుకోవడానికి ఒక ఇల్లు ఉంటుంది.